అంబాసిడర్ ఏసీకి పరాయి సామాను

ఉదయం నుంచి ఇంజిన్ వేయకుండా వేపచెట్టు నీడన ఉంచిన మా అంబాసిడర్ ఏసీకి గత ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పీడనం కొలిచే గేజ్ తగిలిస్తే, ముల్లు 195 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని చెప్పే పీడనం లెక్క) దగ్గర నిలిచింది. అప్పుడు నీడలో 38 డిగ్రీల వేడి ఉంది. ఆ వేడిలో, కార్లలో వాడే ఆర్-134ఏ గ్యాస్ ఉన్న ఏసీ, ఆగి ఉన్నప్పుడు, సుమారు 125 పీఎస్ఐ చూపాలి. పాత కార్లలో ఉండే ఆర్-12 అయితే అంతకంటే కొద్దిగా తక్కువ చూపుతుంది. 195 పరిసరాల్లో నిలిచేది ఆర్-22, అంటే ఇళ్ల కిటికీలకు బిగించే పాత ఏసీలలో వాడే గ్యాస్. అంతకు పన్నెండు రోజుల ముందే ఒక దుకాణంలో "కార్ల గ్యాసే ఎక్కిచ్చిన సార్, ఇగ మూడేండ్ల దాంక చూడక్కర్లే" అని చెప్పి నా దగ్గర డబ్బు తీసుకున్నారు.

నేను నల్గొండలో ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. మూసిన పాత్రలో ద్రవమూ దాని ఆవిరీ కలిసి ఉన్నంతసేపు పీడనం ఉష్ణోగ్రతను బట్టే ఉంటుందనీ, ద్రవం ఎంత మిగిలి ఉన్నదన్న దానితో దానికి సంబంధం లేదనీ ప్రతి సంవత్సరం నల్లబల్ల మీద రాస్తాను. ఆ పాఠం నా సొంత కారు బానెట్ కింద ఇంత సూటిగా పనికి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఒక గేజ్, ఒక థర్మామీటర్, పీడనానికీ ఉష్ణోగ్రతకూ సంబంధం చూపే పట్టిక చేతిలో ఉంటే లోపల ఉన్న గ్యాస్ ఏదో చాలావరకు పట్టుకోవచ్చు. రెండు మూడు గ్యాస్‌లు కలిసినా, లోపల గాలి చేరినా ఈ లెక్క తప్పుతుంది కాబట్టి దీన్ని తిరుగులేని పరీక్ష అని చెప్పను. అయినా 70 పీఎస్ఐ తేడా ఊరికే రాదు.

ఈ కారు మా మేనమామది. 1998 నాటి 1800 ఐఎస్‌జడ్, అంటే ఇసుజు పెట్రోల్ ఇంజిన్ అమర్చిన రకం. మామకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉండేది. చూపు మందగించి బండి నడపడం మానుకున్నాక, "నువ్వైతే దీన్ని తుక్కు కింద అమ్మవురా" అంటూ తాళాలు నా చేతిలో పెట్టాడు. దాన్ని ఉంచుకోవడానికి నాకు ఇంకొక కారణం కూడా ఉంది. మా అమ్మ మోకాళ్లు సరిగా వంగవు. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కాలంటే ఆమె కిందికి కుంగాలి, దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లేపాలి. అంబాసిడర్ వెనుక సీటు ఇంట్లో కుర్చీ అంత ఎత్తులో ఉంటుంది, తలుపు నిండుగా తెరుచుకుంటుంది. నెలకు ఒకసారి ఆమెను వైద్యం కోసం నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ తీసుకువెళ్లాలి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో, అద్దాలు దించితే పొయ్యి సెగలాంటి గాలి కొట్టే రోడ్డు మీద, డెబ్బై నాలుగేళ్ల మనిషిని రెండు గంటలు కూర్చోబెట్టడం నాకు మనసొప్పలేదు.

డీలర్ దగ్గర బిగించిన ఆ ఏసీ ఆర్-12 గ్యాస్ కోసం తయారైనది. డ్యాష్‌బోర్డు కింద కూలింగ్ కాయిల్ పెట్టె మీద 1.1 కిలోలు అని రాసిన స్టిక్కర్ ఇప్పటికీ ఉంది. ఆ గ్యాస్ ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కాబట్టి దాన్ని క్రమంగా ఆపాలని 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో మన దేశం అందులో చేరింది, 2010 జనవరి 1 నాటికి కార్లకూ ఫ్రిజ్‌లకూ దాని తయారీ ఇక్కడ ఆగిపోయింది. 2014 మే నెలలో ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ కూడా ఆగింది. కాబట్టి ఈ ఏసీకి తన గ్యాసూ దొరకదు, తన సామానూ దొరకదు. ఏది వేసినా పరాయిదే వేయాలి. అందులో తప్పేమీ లేదు. మన ప్రాంతంలో బోరు మోటార్లు, ట్రాక్టర్లు, మిల్లు యంత్రాలు సగం అలాగే నడుస్తున్నాయి. అయితే పరాయి భాగం అక్కడ పట్టిందా అని చూసి ఊరుకుంటే చాలదు. పాతది చేసిన పనిని కొత్తది చేయగలదా, దాని పక్కనున్న భాగాలు దీన్ని తట్టుకోగలవా అని కూడా చూడాలి. ఆర్-22 మా కారులో పట్టింది, పన్నెండు రోజులు చల్లగాలి కూడా ఇచ్చింది. కానీ 60 డిగ్రీల దగ్గర ఆర్-12 పీడనం సుమారు 207 పీఎస్ఐ అయితే ఆర్-22 పీడనం 335 దాటుతుంది. ఆ ఒత్తిడికి పాత రబ్బరు పైపు ఒకటి ఉబ్బింది. కంప్రెసర్ షాఫ్ట్ సీలు కోసుకుపోయి బానెట్ లోపలి భాగమంతా నూనె చిమ్మింది.

ఐటీఐలో ఏసీ మెకానిక్ ట్రేడు బోధించే ఒక మిత్రుడు రికవరీ యంత్రం తెచ్చి, ఆ గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి లాగాడు. మిగిలిన పనంతా ముప్పై ఏళ్లుగా మా ఊళ్లో కార్ల ఏసీలు బాగుచేస్తున్న ఒక భాయ్ చేతుల మీదుగా జరిగింది. ఆదివారాలు, సెలవు రోజులు కలుపుకుని ఐదు వారాలు పట్టింది. సామాను కోసం హైదరాబాద్‌లోని పుత్లీబౌలికి మూడుసార్లు, సికింద్రాబాద్‌లోని రాణిగంజ్‌కు ఒకసారి తిరిగాను.

మొదట కంప్రెసర్. మెకానిక్‌లు 508 అని పిలిచే రకం ఉంది. అందులో ఐదు పిస్టన్లు ఉంటాయి, ఒక్క చుట్టుకు 138 సీసీ గ్యాస్‌ను నెడుతుంది. ఆ అంకెలో 5 పిస్టన్ల లెక్క, 08 ఘనపు అంగుళాల లెక్క. దాని తర్వాతి తరం 5హెచ్14 కూడా అదే 138 సీసీ, కాకపోతే దాని సీళ్లు, లోపలి భాగాలు ఆర్-134ఏకు తగినట్టు ఉంటాయి. నేను దాన్నే కొన్నాను. ఈ సీసీ లెక్కను పక్కన పెట్టి చౌకగా దొరికింది కదా అని చిన్న కారు కంప్రెసర్ తెచ్చి బిగిస్తే రోడ్డు మీద బండి వేగంగా వెళ్తున్నప్పుడు చల్లగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడి గాలి వస్తుంది. మరీ పెద్దది బిగిస్తే ఇంజిన్ దాన్ని మోయలేక ఊగిపోతుంది.

కొలత కుదిరినా చెవులు, అంటే కంప్రెసర్‌ను బోల్టులతో బిగించే కొసలు, కుదరలేదు. పాత కంప్రెసర్‌ను ఇంజిన్‌కు పట్టి ఉంచిన బ్రాకెట్ రంధ్రాలకూ కొత్తదాని చెవులకూ పొంతన లేదు. మా వీధి చివర లేత్ మేస్త్రీ 6 మిల్లీమీటర్ల రేకుతో కొత్త బ్రాకెట్ చేసి ఇచ్చాడు. చూపుకు చక్కగా ఉంది. నాలుగో రోజున బెల్టు నల్లటి పొడి రాల్చింది, ఆరో రోజున బ్రాకెట్ వెల్డింగ్ అంచున వెంట్రుకంత పగులు కనిపించింది. కంప్రెసర్ బరువంతా ముందు రెండు చెవుల మీదే వేలాడుతూ ఉండటం, బెల్టు లాగినప్పుడల్లా అది కొద్దిగా ఒరగడం ఇందుకు కారణం. రెండోసారి 10 మిల్లీమీటర్ల పలకతో చేయించి, వెనుక చెవులకు కూడా ఇంజిన్ బ్లాకు నుంచి ఒక ఆసరా పట్టీ ఇప్పించాం. ఈసారి మేస్త్రీ కంటితో చూసి సరే అనలేదు. క్రాంక్ పుల్లీ ముఖానికి ఒక దారం ఆనించి, దాన్ని బిగువుగా లాగి కంప్రెసర్ పుల్లీ దాకా పట్టి చూశాడు. "కన్ను మోసం జేస్తది సార్, దారం జెయ్యది" అన్నాడు. దారానికీ పుల్లీకీ మధ్య మూడు మిల్లీమీటర్ల తేడా ఉంది. వాషర్లు వేసి దాన్ని ఒకటికి తగ్గించిన తర్వాత ఆ బెల్టు ఇంతవరకు అరవలేదు.

పుల్లీ విషయంలోనూ ఒక చిక్కు వచ్చింది. కొత్త కంప్రెసర్‌తో ఆరు సన్నని గాడులున్న చదునైన బెల్టుకు సరిపడే పుల్లీ వచ్చింది, అంబాసిడర్‌కు ఒకే లోతైన గాడిలో తిరిగే వీ-బెల్టు ఉంది. పుత్లీబౌలిలో పాత 508 నుంచి విప్పిన ఒంటిగాడి పుల్లీని, దానికి జతగా వచ్చిన మాగ్నెట్ కాయిల్‌తో సహా తెచ్చి మార్చాం. ఇలా మార్చినప్పుడు, ఏసీ వేయగానే కంప్రెసర్‌ను పుల్లీతో కలిపే మాగ్నెట్ క్లచ్ ముందు పలకకూ పుల్లీకీ మధ్య సందు 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. తక్కువైతే ఏసీ ఆపినా పలక రాసుకుంటూ ఉంటుంది, ఎక్కువైతే ఇంజిన్ వేడెక్కిన తర్వాత కాయిల్ దాన్ని లాగలేదు. కొలిచే ఫీలర్ గేజ్ మామూలు టూల్ దుకాణంలోనే దొరుకుతుంది, అయినా దాన్ని వాడేవారు మన దగ్గర తక్కువ. కాయిల్‌కు కరెంటు పాత స్విచ్ గుండా కాకుండా విడి రిలే ద్వారా ఇచ్చాను. ఇరవై ఏడేళ్ల స్విచ్‌లో నాలుగు ఆంపియర్లు పంపడం మంచిది కాదు.

గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌ను విప్పి నేల మీద పెట్టినప్పుడు మామ మిల్లు గుర్తుకు వచ్చింది. రేకుల మధ్య తవుడు, ఊక దుమ్ము, నూనె కలిసి బంకమట్టిలా గట్టిపడి ఉన్నాయి. మిర్యాలగూడ చుట్టుపక్కల తిరిగే ఏ బండికైనా ఇది తప్పదు. ఇంజిన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు పోసి కడగాలి, బండ్లు కడిగే ప్రెషర్ గన్ పెడితే రేకులు వంగిపోతాయి. కానీ అది ఎంత శుభ్రమైనా పనికి రాదని తేలింది. వంపులు తిరిగిన ఒకే గొట్టం మీద రేకులు కూర్చిన పాత పద్ధతి కండెన్సర్ ఆర్-12కు సరిపోయేది. ఆర్-134ఏకు ఎండలో పీడనం మరింత పెరుగుతుంది కాబట్టి అది వదిలే వేడి చాలదు. దాని బదులు సన్నని సమాంతర గొట్టాలు ఉన్న 14 అంగుళాల ఎత్తు, 22 అంగుళాల వెడల్పు కండెన్సర్ తెచ్చాం. అంబాసిడర్ ముక్కు పెద్దది కావడం వల్ల రేడియేటర్ ముందు కావలసినంత చోటు ఉంది, ఈ కారు మీద నాకు ప్రేమ పెరగడానికి అదొక కారణం. ముందు వైపు 12 అంగుళాల కరెంటు ఫ్యాను కూడా బిగించాం. నా ఉద్దేశంలో ఈ మొత్తం పనిలో డబ్బుకు తగ్గ ఫలితం అన్నిటికంటే ఎక్కువగా ఇచ్చింది ఈ ఫ్యానే. అది లేకుండా బండి ఆగి ఉండగా హై సైడ్, అంటే కంప్రెసర్ గ్యాస్‌ను నెట్టే వైపు, గేజ్ 340 దాకా ఎగబాకింది, ఫ్యాను తిరగగానే 275కు దిగింది.

పైపుల దగ్గర ఒక రోజంతా వృథా అయింది. పాత అమరికలో పైపుల కొనలు గరాటు నోరులా విచ్చుకున్న ఫ్లేర్ రకం, కొత్త కండెన్సర్ కొనలు రబ్బరు వలయంతో మూసుకునే ఓ-రింగ్ రకం. నట్టు వ్యాసం చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి, చేత్తో తిప్పితే రెండు చుట్లు సాఫీగా ఎక్కుతాయి కూడా. కానీ ముప్పావు అంగుళం ఫ్లేర్‌కు అంగుళానికి 16 థ్రెడ్లు ఉంటే, ఓ-రింగ్ రకానికి 18 ఉంటాయి. స్పానర్‌తో బిగిస్తే అల్యూమినియం థ్రెడ్ చెరిగిపోతుంది. మేము ఒకటి చెరిపిన తర్వాతే ఇది తెలుసుకున్నాం. ఆ తర్వాత రాణిగంజ్‌లో లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ హోస్ కోయించి, ఒక కొనకు ఫ్లేర్, ఇంకొక కొనకు ఓ-రింగ్ ఫిట్టింగ్‌లు వత్తించి తెచ్చాం. ఆ పొర లేని మామూలు రబ్బరు గుండా ఆర్-134ఏ నెమ్మదిగా బయటికి ఊరిపోతుంది. పాత నల్ల ఓ-రింగులన్నీ తీసేసి ఆకుపచ్చవి, కొత్త నూనెకూ గ్యాస్‌కూ తట్టుకునేవి వేశాం.

నూనె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా కంప్రెసర్లు దీనివల్లే చస్తాయి. ఆర్-12తో వాడిన మినరల్ నూనె ఆర్-134ఏలో కలవదు. గ్యాస్ తిరుగుతుంది, నూనె మాత్రం కూలింగ్ కాయిల్ అడుగున నిలిచిపోతుంది, కంప్రెసర్ ఎండిపోయి బిగుసుకుంటుంది. కొత్త గ్యాస్‌కు పీఏజీ నూనె గానీ ఎస్టర్ నూనె గానీ కావాలి. పాత నూనె జాడ ఎక్కడో మిగిలి ఉంటుందన్న అనుమానం ఉన్నచోట ఎస్టర్ మేలు, మేము అదే వాడాం. గొట్టాలను పెట్రోల్‌తో కడుగుదామని ఒకరు సలహా ఇచ్చారు, భాయ్ ఒప్పుకోలేదు. ఫ్లషింగ్ ద్రవం పంపి నైట్రోజన్‌తో ఊదించాడు. లోపలి తేమను పీల్చే డ్రయ్యర్‌ను, ఆర్-134ఏకు తగిన పూసలు ఉన్న కొత్తదాన్ని, అన్నిటికంటే చివరన, దాని మూతలు బిగించే క్షణంలోనే విప్పి పెట్టాం. అరగంట తెరిచి ఉంచితే అది గాలిలోని తేమనంతా తాగేస్తుంది.

నన్ను అందరికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కు ఉండే చిటికెన వేలంత బల్బు. కూలింగ్ కాయిల్ నుంచి బయటికి వచ్చే గొట్టం ఎంత చల్లగా ఉందో ఆ బల్బు తాకి తెలుసుకుంటుంది. గొట్టం వెచ్చగా ఉంటే వాల్వ్‌ను తెరుస్తుంది, చల్లబడితే మూస్తుంది. ఆర్-12 వాల్వ్ లెక్క వేరు కాబట్టి ఆర్-134ఏ కోసం చేసిన ఒకటిన్నర టన్నుల వాల్వ్ వేశాం. మొదటి పరీక్షలో లోపల గాలి సరిగా చల్లబడలేదు, కానీ కంప్రెసర్‌కు వెళ్లే పైపు మీద మాత్రం మంచు పేరుకుంది. గ్యాస్ ఎక్కువైందని భాయ్ కొంత వెనక్కి లాగాడు. ఫలితం లేదు. రెండో రోజు సాయంత్రం నేను టార్చిలైటు పట్టి కింద పడుకుని చూస్తే, బల్బును గొట్టానికి ఒక ప్లాస్టిక్ పట్టీతో వదులుగా కట్టి వదిలేశామని తెలిసింది. అది గొట్టం చల్లదనాన్ని కాకుండా ఇంజిన్ గోడ సెగను చూస్తోంది. వెచ్చగా ఉందని వాల్వ్ పూర్తిగా తెరుచుకుని ద్రవాన్ని వరదలా వదులుతోంది. గొట్టాన్ని గరుకు కాగితంతో తోమి, బల్బును పైవైపున రాగి పట్టీతో ఆనేలా బిగించి, చుట్టూ ఇన్సులేషన్ టేపు నాలుగు పొరలు చుట్టాం. పదిహేను నిమిషాల్లో ఆ మంచు కరిగి నీటి బిందువులు మిగిలాయి. ఆ సాయంత్రం నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను.

గ్యాస్ కొనేటప్పుడు ఏ దుకాణంలోనైనా సీలు తీయని సిలిండర్‌ను, అది కూడా బిల్లుతో మాత్రమే తీసుకోవాలని ప్రాధేయపడుతున్నాను. ఆర్-134ఏ పేరుతో మిథైల్ క్లోరైడ్ కలిపిన నకిలీ గ్యాస్ ప్రపంచంలో తిరిగింది. అది అల్యూమినియంతో కలిసి గాలి తగలగానే మండే పదార్థాన్ని తయారుచేస్తుంది, 2011లో ఓడల మీద వెళ్లే శీతల కంటైనర్లు ఇలాగే పేలి పనివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. ఇంకొందరు వంటగ్యాస్ ఎక్కించి, చల్లదనం బ్రహ్మాండంగా ఉందంటారు. చల్లదనం నిజమే. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది మనం కూర్చునే గదిలోనే, అక్కడ చిన్న చిల్లు పడితే తలుపులు మూసిన కారులో మండే గ్యాస్ నిండుతుంది. వెనుక సీట్లో మా అమ్మ కూర్చునే బండిలో ఆ ఆలోచనకే చోటివ్వను.

నైట్రోజన్ నింపి సబ్బు నురగతో ప్రతి అతుకూ చూశాం. తర్వాత వాక్యూమ్ పంపు గంటసేపు నడిపి, ఆపి, మరో అరగంట ముల్లు కదలలేదని చూసుకున్నాం. ఆ శూన్యంలో లోపలి తేమ మామూలు వేడికే మరిగి బయటికి పోతుంది, అందుకే పది నిమిషాల్లో ముగించే వాక్యూమ్ పనికి రాదు. గ్యాస్‌ను తూకం మీద పెట్టి ఎక్కించాం. పాత 1.1 కిలోలలో 80 నుంచి 90 శాతం అన్నది మామూలు లెక్క, కొత్త కండెన్సర్ గొట్టాలు సన్నవి కాబట్టి మాకు 780 గ్రాములకే సరిపోయింది. బయట 41 డిగ్రీలు, ఇంజిన్ నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుండగా లో సైడ్, అంటే కంప్రెసర్ గ్యాస్‌ను పీల్చుకునే వైపు, 36, హై సైడ్ 262 పీఎస్ఐ చూపాయి, గాలి వచ్చే రంధ్రం దగ్గర 11 డిగ్రీలు వచ్చాయి. ఏసీ వేయగానే ఇంజిన్ మూలుగుతూ ఆగిపోబోతుంటే, మారుతి కార్ల కార్బురేటర్‌కు ఉండే, ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ చుట్లు కొద్దిగా పెంచే ఐడిల్-అప్ డయాఫ్రం ఒకటి తెచ్చి తగిలించాం, సరిపోయింది. తలుపుల రబ్బరు బీడింగులు మార్చడం, పెడల్స్ పక్కన ఉన్న పాత వైర్ల రంధ్రాలు మూయడం వంటివి చిన్న పనులే అయినా, ఆ 11 డిగ్రీల గాలి లోపల నిలవాలంటే అవీ కావాలి. అన్నీ కలిపి 34 వేల రూపాయలు అయ్యాయి, అందులో చెడిపోయిన మొదటి బ్రాకెట్ ఖర్చు కూడా ఉంది.

మే చివరి వారంలో అమ్మతో హైదరాబాద్ బయలుదేరాను. పంతంగి టోల్ గేటు దగ్గర వరుసలో పది నిమిషాలు ఆగాల్సి వచ్చినప్పుడు గాలి 16 డిగ్రీలకు పెరిగింది, కదిలిన కాసేపటికే మళ్లీ 12కు దిగింది. అమ్మ చౌటుప్పల్ దాటకముందే నిద్రపోయింది.

ఈ ఫిబ్రవరిలో మళ్లీ గేజ్ తగిలించాను. నీడలో 30 డిగ్రీలు ఉండగా 97 పీఎస్ఐ చూపింది, అది ఆర్-134ఏకు సరిగ్గా ఉండవలసిన అంకె. కానీ నేను నల్లబల్ల మీద రాసే మాట ప్రకారమే ఆ అంకె లోపల ఉన్నది ఏ గ్యాసో చెబుతుంది తప్ప ఎంత ఉందో చెప్పదు. అందుకని టార్చిలైటు పట్టుకుని ప్రతి అతుకునూ వేలితో తడిమి చూశాను. కంప్రెసర్ గ్యాస్‌ను పీల్చుకునే వైపు నట్టు కింద సన్నటి నూనె తడి తగిలింది. వచ్చే ఆదివారం మిత్రుడు రికవరీ యంత్రం తెస్తానన్నాడు, ఆకుపచ్చ ఓ-రింగు ఒకటి కొని డబ్బాలో పెట్టి ఉంచాను.